ఇంట్లో సిట్రస్ జిన్ అండ్ టానిక్: తరచుగా అడిగే ప్రశ్నలు

జిన్, టానిక్ (చేదూ తీపీ కలిసిన గ్యాస్ నీళ్లు), ఐస్, ఒక నిమ్మకాయో నారింజలాంటి మరో సిట్రస్ పండో. ఉన్నవే నాలుగు వస్తువులు, ఇందులో అడగడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ చేదొచ్చింది, గ్యాస్ పోయింది, ఎంత పిండినా నిమ్మ వాసనే రాలేదు అంటూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాను. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికే వెళ్లిపోండి. మీరుండే చోట మద్యం తాగడానికి చట్టం ఒప్పుకునే వయసు దాటినవాళ్ల కోసమే ఇది.

## కొనే ముందు

ఏ జిన్ తీసుకోవాలి? ఖరీదైనదే కావాలా?

రకం చూసి కొనండి, ధర గురించి అంత ఆలోచించక్కర్లేదు. లేబుల్ మీద 'లండన్ డ్రై' అని ఉన్న మామూలు జిన్ సిట్రస్‌తో బాగా కుదురుతుంది. ఆ పేరున్నంత మాత్రాన లండన్‌లోనే తయారై ఉండాలని లేదు, అది తయారీ పద్ధతికి సంబంధించిన పేరు. రుచి అంతా డిస్టిలేషన్‌లోనే, అంటే ఆవిరి చేసి చల్లార్చి తీసేటప్పుడే రావాలి, ఆ తర్వాత ఫ్లేవర్లూ రంగులూ కలపకూడదు, తీపి లీటరుకి 0.1 గ్రాము దాటకూడదు. అంటే మీరు వేసే నిమ్మకి అడ్డుపడే తీపి గానీ, కృత్రిమ వాసన గానీ అందులో ఉండవు.

ఏ జిన్‌లోనైనా పైకి తేలాల్సింది జూనిపర్ అనే పొదకి కాసే ఘాటైన చిన్న కాయల రుచే. దానికి తోడుగా చాలా జిన్‌లలో ధనియాలు, ఎండిన నిమ్మ, నారింజ తొక్కలు ముందే ఉంటాయి, అందుకే ఈ డ్రింక్‌కి సిట్రస్ ఇంత సహజంగా అతుకుతుంది. ఆల్కహాల్ శాతం కూడా ఒకసారి చూసుకోండి. యూరప్‌లో జిన్‌కి కనీసం 37.5 శాతం, అమెరికాలో 40 శాతం ఉండాలని నిబంధన. తొక్క నానబెట్టాలనుకుంటే 40కి తగ్గనిది తీసుకోండి, తొక్కలోని నూనెను బయటికి లాగేది ఆల్కహాలే.

లెమన్ ఫ్లేవర్, ఆరెంజ్ ఫ్లేవర్ అని బాటిల్ మీదే రాసి ఉన్న జిన్ కొంటే పనైపోదా?

అవుతుంది, కొన్ని నిజంగానే బాగుంటాయి. కాకపోతే అలాంటివాటిలో చాలావాటికి తీపి కలుపుతారు, పైగా టానిక్‌లో ఉండే తీపి ఎలాగూ ఉంది, రెండూ కలిసి డ్రింక్ కాస్తా కూల్ డ్రింక్‌లా తయారవుతుంది. మామూలు జిన్ ఉంటే ఈ రోజు నిమ్మ, రేపు నారింజ అని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. నన్నడిగితే మామూలు జిన్‌కే ఓటు.

టానిక్ దొరకలేదు, సోడా పోస్తే తేడా ఏంటి?

చాలా తేడా. సోడా అంటే నీళ్లు, గ్యాస్, అంతే. టానిక్‌లో వీటితో పాటు క్వినైన్ అనే చేదు పదార్థం, చక్కెర, సాధారణంగా సిట్రిక్ యాసిడ్ కూడా ఉంటాయి. జిన్ ఘాటుకి ఎదురు నిలబడేది ఆ చేదూ తీపే. సోడాతో చేస్తే డ్రింక్ తేలికగా, పొడిగా ఉంటుంది, తప్పేమీ లేదు, కానీ అది వేరే డ్రింక్. మధ్యేమార్గంగా సగం టానిక్, సగం సోడా పోసి చూడండి. తీపి తగ్గి తొక్క వాసన ఇంకా బాగా తెలుస్తుంది, తీపి పెద్దగా పడనివాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

టానిక్‌లో మలేరియా మందు ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే, కానీ అందులో ఉండేది చాలా కొంచెం. సింకోనా చెట్టు బెరడులో ఉండే క్వినైన్‌ని 1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు వేరు చేశారు. గ్యాస్ కలిపిన టానిక్‌కి 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు దాన్ని వాడేది చేదు కోసమే. అమెరికాలో లీటరు టానిక్‌లో క్వినైన్ సుమారు 83 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో మహా అయితే 17 మిల్లీగ్రాములు. మలేరియాకి డాక్టర్లు ఇచ్చేటప్పుడు ఒక్కో డోసే 600 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, అదీ రోజుకి మూడుసార్లు. కాబట్టి జిన్ అండ్ టానిక్ తాగితే దోమల జ్వరం రాదన్న మాటని అస్సలు నమ్మకండి.

టానిక్ పెద్ద బాటిల్ కొనాలా, చిన్నవి కొనాలా?

చిన్నవే. 150 నుంచి 200 మిల్లీలీటర్ల క్యాన్ లేదా సీసా అయితే ఒక గ్లాసుకి ఒకటి సరిపోతుంది, ప్రతిసారీ గ్యాస్ నిండుగా ఉంటుంది. పెద్ద బాటిల్ మూత తీసిన ప్రతిసారీ గ్యాస్ కొంత పోతుంది, మర్నాటికి మిగిలేది తీపి నీళ్లే. పదిమంది ఒకేసారి కూర్చుని అప్పటికప్పుడు ఖాళీ చేసేస్తారంటే మాత్రం పెద్దది కొనండి.

ఏ పండు బాగుంటుంది? నిమ్మ ఒక్కటేనా?

పలుచని తొక్క ఉండే చిన్న ఆకుపచ్చ లైమ్ అందరికీ అలవాటైనది, వాసన పదునుగా ఉంటుంది, పులుపు గట్టిగా ఉంటుంది. పసుపుపచ్చ పెద్ద లెమన్ తొక్క మందంగా ఉంటుంది, దాని నుంచి వాసన తీయడం తేలిక, మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. నారింజ తొక్క డ్రింక్‌ని మెత్తబరుస్తుంది, జూనిపర్ ఘాటు నచ్చనివాళ్లకి పనికొస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ తొక్క నా లెక్కన అన్నిటికన్నా గొప్పది, ఎందుకంటే దాని చేదూ క్వినైన్ చేదూ ఒకదానికొకటి తోడవుతాయి. పంపర పనస తొక్క వాసన కూడా బాగుంటుంది గానీ తెల్లటి భాగం మరీ మందం, పైపైన చెక్కడానికి ఓపిక ఉండాలి. బత్తాయికి పులుపు తక్కువ కాబట్టి దాని రసం ఒక్కటే వేస్తే చప్పగా ఉంటుంది, కాస్త నిమ్మరసం తోడుండాలి.

## పండు కోసేటప్పుడు

రసం పిండాలా, తొక్క వేయాలా? అసలు తేడా ఏముంది?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వాసన తొక్కలో ఉంటుంది, పులుపు రసంలో ఉంటుంది. రెండూ వేర్వేరు పదార్థాలు అనుకుని వేర్వేరుగా వాడాలి.

మనం నిమ్మ రుచి, నారింజ రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కుకి అందేదే. ఆ వాసన తొక్క పైభాగంలో కనిపించే చిన్న చిన్న నూనె గుంటల్లో దాగి ఉంటుంది. నారింజ తొక్క నూనెలో 90 శాతం పైగా లిమోనీన్ అనే పదార్థమే. నిమ్మ తొక్కలోనూ ఎక్కువ అదే, కానీ దాన్ని నిమ్మ వాసనగా మార్చేది కొద్దిపాళ్లలో ఉండే సిట్రాల్. ఈ నూనెలు నీళ్లలో కలవవు, ఆల్కహాల్‌లో కరుగుతాయి. రసంలో ఉండేది ప్రధానంగా నీళ్లు, సిట్రిక్ యాసిడ్. నిమ్మరసంలో యాసిడ్ దాదాపు 5 నుంచి 6 శాతం ఉంటుంది.

అందుకే వాసన రాలేదని ఇంకో చెక్క పిండితే వాసన పెరగదు, పులుపే పెరుగుతుంది. టానిక్‌లో యాసిడ్ ముందే ఉంది కాబట్టి పళ్లు జివ్వుమంటాయి. వాసన కావాలంటే తొక్క పెంచండి, పులుపు కావాలంటే రసం పెంచండి.

తొక్క ఎలా తీయాలి? నేను తీస్తే ప్రతిసారీ చేదొస్తోంది.

తెల్లటి పొర కూడా వచ్చేస్తోందన్నమాట. కూరగాయల పీలర్ తీసుకుని, గట్టిగా నొక్కకుండా పండు పొడవునా లాగండి. వచ్చిన ముక్కని తిప్పి చూడండి, లోపలి వైపు నూనె గుంటల చుక్కలు సన్నగా కనిపిస్తూ ఉంటే సరైన మందం, తెల్లగా స్పాంజిలా ఉంటే లోతుగా దిగింది. అలాంటప్పుడు పారేయక్కర్లేదు, ముక్కని పలక మీద బోర్లా పరిచి పదునైన చాకుని పడుకోబెట్టి ఆ తెల్లటి పొరని గీకేయండి.

గ్లాసులో వేసే ముందు అసలు పని ఇంకొకటి ఉంది. ముక్క రంగు వైపుని గ్లాసు మూతి వైపు తిప్పి, రెండు చేతుల వేళ్లతో అటూ ఇటూ పట్టుకుని ఒక్కసారి మడిచినట్టు నొక్కండి. దీపం వెలుగుకి అడ్డంగా పెట్టి నొక్కితే సన్నటి తుంపర ఎగరడం కంటికే కనిపిస్తుంది. డ్రింక్ మీద నూనె పల్చగా పరుచుకుని రంగులు మెరుస్తాయి. ఆ తర్వాత అదే తొక్కతో గ్లాసు అంచు చుట్టూ ఒకసారి రుద్ది లోపల వేసేయండి. మొదటి గుక్క తాగకముందే వాసన ముక్కుకి కొట్టాలి.

పండు మీద మెరుపు ఉంది, మైనమేనా? ఏం చేయాలి?

చాలాచోట్ల పండ్లు నిలవ ఉండటానికి తినదగ్గ మైనం పూస్తారు. తొక్క వాడేటప్పుడు దాన్ని తీసేయడమే మంచిది. గోరువెచ్చటి నీళ్ల కింద మెత్తటి బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. మరిగే నీళ్లు పోయకండి, మైనంతో పాటు పైనున్న వాసన కూడా పోతుంది.

ఉదయమే రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? బాటిల్ నిమ్మరసం వాడొచ్చా?

నాలుగైదు గంటల ముందు తీసుకుంటే పర్వాలేదు, అంతకన్నా ఆలస్యమైతే తాజాదనం తగ్గుతుంది. నేవెల్ రకం నారింజ రసం అయితే మరీ త్వరగా వాడేయాలి, పిండాక కాసేపటికి దానంతటదే చేదెక్కే గుణం దానికి ఉంది. బాటిల్ రసంలో పులుపు దొరుకుతుంది, తాజా వాసన దొరకదు. వేరే దారి లేకపోతే బాటిల్ రసం వేసుకుని, తొక్క మాత్రం తాజాది తప్పకుండా వాడండి.

ఇంకో చిన్న విషయం, ఒకే పండు నుంచి తొక్కా రసం రెండూ కావాలంటే ముందు తొక్క తీసి, తర్వాత పిండండి. పిండేసిన డొప్ప మీద పీలర్ నిలవదు.

## జిన్‌లో నానబెట్టేటప్పుడు

సిట్రస్ జిన్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో 250 మిల్లీలీటర్ల జిన్ పోయండి. ఒక పెద్ద లెమన్ తొక్క, లేదా రెండు లైమ్‌ల తొక్క, లేదా ఒక నారింజలో సగం తొక్క వేయండి, తెల్లటి పొర లేకుండా. మూత పెట్టి ఎండ తగలని చోట మామూలు వేడిలోనే ఉంచండి.

నాలుగు గంటల తర్వాత ఒక చెంచా తీసి, అంతే నీళ్లు కలిపి రుచి చూడండి. నీళ్లు కలపకుండా చూస్తే ఆల్కహాల్ ఘాటుకి నాలుక మొద్దుబారి ఏమీ తెలియదు. లైమ్ తొక్క ఆరు గంటల్లోపే పనిచేసేస్తుంది, లెమన్‌కి పన్నెండు గంటల వరకు, నారింజకి ఒక రోజు ఇవ్వొచ్చు. జిన్ లేత పసుపు లేదా లేత నారింజ రంగుకి తిరుగుతుంది, తొక్క పాలిపోయి గట్టిపడుతుంది. రుచి నచ్చిన క్షణాన తొక్క తీసేసి వడకట్టండి. రోజుల తరబడి వదిలేస్తే వాసన అక్కడే ఆగిపోయి చేదు మాత్రం పెరుగుతూ పోతుంది.

రసం మాత్రం ఇందులో కలపకండి. అది తాగే ముందు గ్లాసులో వేసుకునేది.

నానబెట్టిన జిన్ చేదెక్కిపోయింది, పారేయాలా?

వద్దు. వెంటనే తొక్క తీసేసి, అంతే పరిమాణంలో మామూలు జిన్ కలపండి. వాసన ఎలాగూ గాఢంగానే ఉంటుంది కాబట్టి సగం చేసినా నిలబడుతుంది. ఇంకా చేదనిపిస్తే గ్లాసుకి ఒక్క చిటికెలో పావు వంతు ఉప్పు వేసి చూడండి, ఉప్పు నాలుకకి చేదు తెలియకుండా అణచిపెడుతుంది.

టానిక్ పోయగానే డ్రింక్ మసకబారింది, పాడైందా?

పాడవలేదు. తొక్క నూనెలు ఆల్కహాల్‌లో కరిగి ఉంటాయి, టానిక్ కలవగానే ఆల్కహాల్ శాతం పడిపోయి నూనెలు సన్నటి బిందువులుగా విడిపోతాయి, అందుకే పొగమంచులా కనిపిస్తుంది. తొక్క బలంగా దిగిందనడానికి అది గుర్తు, నిక్షేపంగా తాగొచ్చు.

ఎంతకాలం నిలవ ఉంటుంది?

తొక్క తీసి వడకట్టాక, మూత బిగించి చీకటి చోట పెడితే నెలల తరబడి పాడవదు. కాకపోతే తాజా వాసన మొదటి రెండు మూడు నెలల్లోనే బాగుంటుంది. కొద్దికొద్దిగా చేసుకోవడం మేలు.

ఇంట్లోనే జిన్ కాచుకోవచ్చా?

వద్దు. ఇంట్లో ఆల్కహాల్ డిస్టిల్ చేయడం చాలా దేశాల్లో నేరం, పైగా ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కొన్న జిన్‌లో తొక్క నానబెట్టడం వేరు, దానికి పొయ్యి అక్కర్లేదు.

## గ్లాసులో కలిపేటప్పుడు

జిన్ ఎంత, టానిక్ ఎంత?

50 మిల్లీలీటర్ల జిన్‌కి 150 మిల్లీలీటర్ల టానిక్‌తో మొదలుపెట్టండి, అంటే ఒకటికి మూడు. రసం 5 నుంచి 10 మిల్లీలీటర్లు చాలు, అంటే ఒకటి రెండు టీ చెంచాలు. తొక్క నానబెట్టిన జిన్ అయితే ఒకటికి నాలుగు కూడా బాగుంటుంది, వాసన నిలుస్తుంది కాబట్టి పలుచన అనిపించదు. కొలత గ్లాసు లేకుండా అంచనాగా పోయడం మానేయండి. చేతి అంచనా ఎప్పుడూ ఎక్కువకే పోతుంది, రుచీ పోతుంది, మోతాదూ దాటుతుంది.

ఏది ముందు పోయాలి? వరుస చెప్పండి.

గ్లాసుని ఐస్‌తో నింపండి. జిన్ పోయండి, రసం వేయండి, రెండూ చెంచాతో ఒకసారి కలపండి. తర్వాత గ్లాసు వంచి, పక్క గోడ మీదుగా టానిక్ నెమ్మదిగా జార్చండి. చెంచాని అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లేపండి, చాలు. చివర్లో తొక్క నొక్కి వేయండి.

వరుసకి కారణం ఉంది. టానిక్ కన్నా జిన్ తేలిక, చివర్లో పోస్తే పైనే తేలుతుంది, మొదటి గుక్క మంట పుట్టిస్తుంది. జిన్ అడుగున ఉంటే బరువైన టానిక్ దిగుతూ తనంతట తానే కలుస్తుంది, గట్టిగా తిప్పే పనే ఉండదు. రసం కూడా అందుకే ముందే, టానిక్ మీద పిండితే కలపడానికి తిప్పాలి, తిప్పితే గ్యాస్ పోతుంది.

రెండు నిమిషాలకే గ్యాస్ పోతోంది, ఎందుకు?

ఏదో ఒకటి వెచ్చగా ఉంది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాస్‌ని పట్టుకుంటాయి. 0 డిగ్రీల దగ్గర పట్టుకోగలిగేది 20 డిగ్రీల దగ్గర పట్టుకునేదానికి దాదాపు రెట్టింపు. గది వేడిలో ఉన్న టానిక్‌ని ఐస్ మీద పోస్తే బుస్సుమని పొంగుతుంది, ఆ పొంగుతోనే సగం గ్యాస్ వెళ్లిపోతుంది.

టానిక్‌ని కనీసం కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. జిన్‌ని ఫ్రీజర్‌లోనే పెట్టేయొచ్చు, 40 శాతం ఆల్కహాల్ ఉన్నది ఇంటి ఫ్రీజర్ చల్లదనానికి గడ్డకట్టదు. టానిక్‌ని మాత్రం ఫ్రీజర్‌లో మర్చిపోకండి, సీసా పగులుతుంది. గ్లాసు కూడా పది నిమిషాలు చల్లబరిస్తే ఇంకా మంచిది.

ఐస్ ఎక్కువేస్తే నీళ్లవుతుంది కదా, తక్కువ వేయాలా?

ఇది చాలామంది నమ్మే మాటే, కానీ జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెండు ముక్కలే వేస్తే డ్రింక్ మొత్తాన్ని చల్లబరిచే భారం వాటి మీదే పడి గబగబా కరిగిపోతాయి, చల్లదనమూ ఉండదు, నీళ్లూ మిగులుతాయి. గ్లాసు నిండా వేస్తే అన్నీ కలిసి చల్లబరుస్తాయి, తర్వాత నెమ్మదిగా కరుగుతాయి. పెద్ద ముక్కలు వేయండి, నలిగిన ఐస్ వద్దు. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే వాడండి, పైన తడి చేరిన ఐస్ వేస్తే ఆ నీళ్లు కూడా గ్లాసులోకే పోతాయి. ఒక ముఖ్యమైన సంగతి, ఐస్ చుట్టుపక్కల వాసన పీల్చుకుంటుంది. ఐస్ ట్రే పక్కన మాంసమో వెల్లుల్లి పేస్టో మూత లేకుండా ఉంటే ఎంత మంచి తొక్క వేసినా లాభం లేదు.

గ్లాసు ఏదైనా పర్వాలేదా?

పొడవైన గ్లాసులో గ్యాస్ ఎక్కువసేపు ఉంటుంది. స్పెయిన్‌లో వాడే బెలూన్ లాంటి గుండ్రటి గ్లాసులో ఐస్ ఎక్కువ పడుతుంది, వాసన బాగా అందుతుంది. ఇంట్లో ఉన్నదాంట్లో ఐస్ నిండుగా పట్టేది ఏదైనా తీసుకోండి.

పుదీనా, రోజ్‌మేరీ, మిరియాలు కూడా వేయొచ్చా?

వేయొచ్చు, ఒక్కటి మాత్రమే. లైమ్‌కి పుదీనా, గ్రేప్‌ఫ్రూట్‌కి రోజ్‌మేరీ లేదా మిరియాలు, నారింజకి చిన్న దాల్చినచెక్క ముక్క, లెమన్‌కి నిమ్మగడ్డి. పుదీనాని నలపకండి, అరచేతిలో పెట్టి ఒక్క చరుపు చరిచి వేయండి. నలిపితే పచ్చి వాసన వస్తుంది.

## రుచి తేడా వస్తే

పుల్లగా అయిపోయింది.

టానిక్ ఇంకాస్త పోయండి. అప్పటికీ తగ్గకపోతే అర చెంచా పంచదార పాకం. తర్వాతిసారి రసం సగానికి తగ్గించి తొక్క రెట్టింపు చేయండి.

మరీ తియ్యగా ఉంది.

టానిక్‌లో సగం తీసేసి సోడా పోయండి. ఒక టీ చెంచా నిమ్మరసం కూడా తీపిని కోస్తుంది. వేరే బ్రాండ్ టానిక్ ప్రయత్నించండి, చక్కెర ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకి ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది.

అన్నీ సరిగ్గానే వేశాను, అయినా చప్పగా ఉంది.

ముందు చల్లదనం చూడండి, తర్వాత గ్యాస్ చూడండి. రెండూ బాగానే ఉంటే తొక్క పాతబడిందేమో. ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉండి తోలులా గట్టిపడిన పండులో రసం మిగులుతుంది గానీ పైన నూనె ఆరిపోతుంది. గోటితో తొక్క మీద గీరి వాసన చూడండి, గీరగానే వాసన గుప్పుమనకపోతే ఆ పండు రసానికే పనికొస్తుంది. అన్నీ బాగున్నా ఇంకా ఏదో లోటనిపిస్తే కొన్ని ఉప్పు రేణువులు. ఉప్పదనం తెలియకూడదు, అంత తక్కువ.

## నలుగురూ వచ్చినప్పుడు

పదిమందికి ఒకేసారి జగ్గులో కలిపేయొచ్చా?

టానిక్ కలిపి జగ్గులో పెట్టకండి, రెండో రౌండ్ వచ్చేసరికి గ్యాస్ ఉండదు. తొక్క నానబెట్టి వడకట్టిన 500 మిల్లీలీటర్ల జిన్‌ని ముందురోజే సీసాలో ఫ్రీజర్‌లో పెట్టండి. అదే పది గ్లాసులకి సరిపోతుంది. రసం విడిగా చిన్న సీసాలో, తొక్క ముక్కలు తడిగుడ్డ కప్పిన గిన్నెలో, చిన్న టానిక్ సీసాలు పది ఫ్రిజ్‌లో. ఐస్ మాత్రం అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి, ముందుగా అయిపోయేది ఎప్పుడూ అదే. వచ్చినవాళ్లు ఎవరికి వాళ్లే కలుపుకుంటారు, మీకు టెన్షన్ ఉండదు.

మందు తాగనివాళ్లకి ఇదే రుచి ఇవ్వొచ్చా?

దగ్గరగా ఇవ్వొచ్చు. వంటకి వాడే ఎండు జూనిపర్ కాయలు ఒక టీ చెంచా నలగ్గొట్టి, రెండు తొక్క ముక్కలతో 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో పది నిమిషాలు మూతపెట్టి ఉంచి, వడకట్టి చల్లార్చండి. గ్లాసుకి 50 మిల్లీలీటర్లు పోసి పైన టానిక్, చివర్లో తాజా తొక్క. గర్భిణులకైతే జూనిపర్, టానిక్ రెండూ వదిలేసి సోడాలో రసం, తొక్క వేసి ఇవ్వండి. వాళ్లకీ అదే గ్లాసు, అంతే ఐస్, అంతే శ్రద్ధ.

## ఒంటి సంగతి

ఒక గ్లాసులో ఆల్కహాల్ ఎంతుంటుంది? తేలిగ్గా ఉంటుంది కదా?

తేలిగ్గా అనిపిస్తుంది, అసలు జాగ్రత్త పడాల్సింది అందుకే. 40 శాతం జిన్ 50 మిల్లీలీటర్లలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 20 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 16 గ్రాములు. అమెరికాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 14 గ్రాములు, అంటే ఒక్క గ్లాసుతోనే అది దాటింది. చల్లదనం, తీపి, నిమ్మ వాసన కలిసి ఘాటుని కప్పేస్తాయి కాబట్టి దాహానికి తాగినట్టు తాగేస్తారు. ఏమైనా తిని కూర్చోండి, గ్లాసుకీ గ్లాసుకీ మధ్య మంచినీళ్లు తాగండి. తాగాక బండి తీయొద్దు, ఒక్క గ్లాసే కదా అని కూడా తీయొద్దు.

షుగర్ ఉంది, తాగొచ్చా?

మీ డాక్టర్ ఒప్పుకున్నాకే. తీపి కలపని జిన్‌లో చక్కెర ఉండదు గానీ మామూలు టానిక్ చాలావాటిలో 100 మిల్లీలీటర్లకి 8, 9 గ్రాముల దాకా ఉంటుంది, అంటే గ్లాసుకి దాదాపు మూడు టీ చెంచాల పంచదార. చక్కెర లేని టానిక్ దొరుకుతుంది. అయితే షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఆల్కహాల్ వల్ల షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం వేరే ఉంది, టానిక్ మార్చినంత మాత్రాన అది పోదు.

మందులు వాడుతున్నాను, గ్రేప్‌ఫ్రూట్ వద్దంటున్నారు. ఎందుకు?

గ్రేప్‌ఫ్రూట్‌లోని కొన్ని పదార్థాలు పేగుల్లో మందుల్ని విడగొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. దాంతో కొన్ని కొలెస్ట్రాల్ మందులు, కొన్ని బీపీ మందులు రక్తంలోకి మామూలుకన్నా ఎక్కువ చేరతాయి. పంపర పనసకీ ఈ గుణం ఉంది. ఆ ప్రభావం ఒక రోజు పైనే ఉంటుంది కాబట్టి మాత్ర ఉదయం వేసుకుని పండు సాయంత్రం వాడినా లాభం లేదు. లెమన్‌కి మారిపోండి. క్వినైన్ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఇంతకుముందు అది పడనివాళ్లు, గుండె లయకి మందులు వాడేవాళ్లు, రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా టానిక్ ముట్టుకోవద్దు. మందులేవైనా సరే, ఆల్కహాల్ కలవొచ్చా లేదా అన్నది ముందే తెలుసుకోండి.

ఎండలో నిమ్మకాయలు పిండాక చేతుల మీద మచ్చలొచ్చాయి, దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఉంది. లైమ్ రసం, తొక్క నూనె చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడటం, బొబ్బలు, తర్వాత వారాల తరబడి నల్లమచ్చలు వస్తాయి. ఆరుబయట పార్టీ అయితే పండ్లు లోపలే కోసి, పిండి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బయటికి రండి. నీళ్లతో కడిగితే నూనె పోదు, సబ్బు కావాలి. బొబ్బలు లేచి ఉంటే వాటిని చిదమకుండా చర్మ వైద్యుడికి చూపించండి.